ప్రెస్ కింద మంచు

నూరు కార్డుల మీద మంచు కురిపించి, ఆ మంచునంతా నా చేతులతోనే ఇనుప ప్రెస్ కింద పెట్టి, చక్రం గట్టిగ తిప్పి, ఆ పైన నిమ్మలంగ చెయ్యి దులుపుకొని ఇంటికి పోయిన మనిషిని నేను. ముందే చెప్పేస్తే నాకూ తేలిక, చదివేటోళ్లకూ ఏమైతదో అన్న ఫికర్ ఉండదు. ఎవరూ బలవంతం చెయ్యలే. ఎవరూ చెయ్యి పట్టి తిప్పియ్యలే. చక్రం తిరుగుతుంటే లోపల ఏదో మెత్తగ నలుగుతున్నట్టు చేతికి తెలిసింది కూడా. తెలిసినా, ఇంకో అర చుట్టు ఎక్కువే తిప్పిన.

అప్పటికి పదకొండేండ్ల నుంచి మా మేనమామ దుకాణంల పుస్తకాలకు జిల్దులు కడుతున్న. దుకాణం అఫ్జల్‌గంజ్ వెనక గల్లీల ఉండె. నయాపూల్ కాడి కోర్టు దిక్కు నుంచి వకీళ్ల గుమాస్తాలు లావుపాటి లా పుస్తకాలు తెచ్చేటోళ్లు. బళ్ల నుంచి హాజరు పట్టీలు, గుళ్ల నుంచి చినిగిన పురాణాలు వచ్చేవి. ఎవరేం తెచ్చినా మా పని మాత్రం మారకుండె. వదులైనదాన్ని కుట్టాలె, చినిగినదానికి మైదపిండి లై పూసి అతికియ్యాలె, ఉబ్బినదాన్ని ప్రెస్ కింద పెట్టి అణచాలె. లై తడి ఆరకముందే నొక్కకపోతే అట్ట వంకర పోతది. అందుకే సాయంత్రం దుకాణం కట్టే ముందు బల్ల మీద ఏమున్నా సరే, దొంతి చేసి, పైనా కిందా చెక్కలు పెట్టి, ప్రెస్‌లకు తోసి, చక్రం తిప్పి పోవాలె. దేవునికి దండం పెట్టుడు మర్చిన రోజులు ఉన్నయి గని, ప్రెస్ తిప్పుడు మర్చిన రోజు నాకు యాదికి లేదు.

మా మామ ఉబ్బిన పుస్తకాన్నీ, ఉబ్బిన మనిషినీ ఒక్క తీరుగనే చూసేటోడు. నాకు బొమ్మలు గీసే పిచ్చి ఉండె. ఒకసారి ఒక వకీలు పుస్తకానికి లోపలి అట్ట మీద చిన్న గులాబీ గీసిన. మామ చెవి మీది పెన్సిల్, దారం కట్టిన అద్దాలు సర్దుకొని, దాన్ని కండ్లకు దగ్గర పెట్టుకొని చూసి, "అల్లుడా, రేపు కోర్టుల జడ్జి ఈ పుస్తకం తెరిస్తె గులాబీ కనబడ్తది. ఖూనీ కేసు అనుకుంటడా, ప్రేమ కేసు అనుకుంటడా?" అని అడిగిండు. గులాబీ మీద తెల్ల కాగితం అతికిచ్చిండు. ఆ పుస్తకం ఇప్పటికీ ఎవరి అల్మారీలనో ఉంటె, కాగితం కింద నా గులాబీ ఉండాలె.

ఛత్రినాకల మా వరుసలనే, మాకు రెండిండ్ల అవతల, ఒక టీచరమ్మ ఉండేది. ఆమె భర్త బస్ డిపోల పనిచేసేటోడు. డిసెంబర్ వచ్చిందంటె ఆమె తన చర్చిల అమ్మటానికి చేతితోని గ్రీటింగ్ కార్డులు చేసేది. మా దుకాణంల మిగిలిన అట్ట ముక్కలు నేను సరిగ్గ కోసి ఇచ్చేటోన్ని. బొమ్మలు గూడ సగం నేనే గీసేటోన్ని. మంచు పని మాత్రం దూదితోని నడిచేది. గోందు పూసి, ఇంటి కప్పు మీద ఇంత, చెట్టు మీద ఇంత దూది అంటిచ్చేటోళ్లం. కార్డు పోస్టుల పడి పోయేసరికి ఆ దూది దుమ్ము పట్టి బూడిదరంగు అయ్యేది. అందుకునేటోళ్లకు ఇంటి కప్పు మీద మంచు కాకుండ ఎవరో ముసలాయన గడ్డం ఆరేసినట్టు కనబడేది.

ఎనభయిల మొదట్ల, ఒక యేడు దీపావళి పోయినంక, టీచరమ్మ నన్ను పిలిచి మూత బిగించిన ఒక ప్లాస్టిక్ డబ్బా చేతుల పెట్టింది. ఆమె తమ్ముడు బొంబాయిల బనియన్ల మీద బొమ్మలు అచ్చేసే కార్ఖానల నౌకరీ చేస్తుండె. ఆయన పంపిండు. లోపల తెల్లగ, గడ్డపెరుగు లెక్క ఏదో ఉంది.

"ఇది ఉబ్బే రంగంట తమ్మీ. పెట్టినప్పుడు గిట్లనే ఉంటది. ఆరినంక వెనక నుంచి ఇస్త్రీపెట్టె సెగ తగిలిస్తే పైకి లేస్తదంట."

"ఎంత లేస్తదక్కా?"

"మా తమ్ముడు బొంబాయిల నౌకరీ దొరికినంక ఎంత లేచిండో అంత."

మొదటి కార్డును నేను కాల్చేసిన. మా ఇంట్ల ఉన్నది బొగ్గుల ఇస్త్రీపెట్టె. సెగ తగిలియ్యమంటే దాన్ని ఏకంగ మంచు మీదనే పెట్టిన. కప్పు మీది మంచు ముందు పసుపు రంగు, ఆ తర్వాత రొట్టె రంగు తిరిగింది. టీచరమ్మ ముక్కు మూసుకొని, "మంచును కరగబెట్టినోళ్లను విన్న గని, మాడబెట్టినోన్ని నిన్నే చూస్తున్న," అన్నది. రెండో కార్డుకు తెలివి వచ్చింది. కార్డును తిరగేసి, ఇస్త్రీపెట్టెను వేలెడు ఎత్తుల పట్టుకొని, పది లెక్కపెట్టి తీసి చూస్తే, కప్పు మీద మంచు లేచింది. నూనెల వేసిన పూరీ లేచినట్టు, ముందు ఒక మూల, తర్వాత నడుమ, తర్వాత అంతా. ముట్టుకుంటే గరుకుగ, మెత్తగ ఉంది. నిప్పు పెడితే పుట్టే మంచును నేను గప్పుడే మొదటిసారి చూసిన. అసలు మంచునైతే ఇప్పటికీ చూడలే.

చూడనందువల్ల వచ్చిన చిక్కులు వేరే ఉండె. ఉత్సాహం కొద్దీ మంచును కప్పు మీదనే కాకుండ చూరు కింద, కిటికీ లోపల, లాంతరు గాజుకు గూడ పెట్టిన. టీచరమ్మ నవ్వింది. "మంచు పైనుంచి పడ్తది తమ్మీ. బోనాలకు గోడలకు సున్నం వేసినట్టు అన్ని దిక్కుల అంటుకోదు." ఆమె చూసింది మాత్రం ఏముంది. ఆమె ఎరిగిన మంచంతా పాత కార్డుల మీదిదే. మా ఇద్దరికీ చలి అంటే ఐసు బండి కాడ నిలబడుడే.

ఛత్తా బజార్ల పెండ్లి కార్డుల దుకాణం ఒకటి ఉండె. తాతల కాలం నుంచి అక్కడనే ఉన్న సేఠ్ కుటుంబం వాళ్లది. కార్డులు పెట్టే లిఫాఫాలు కోసి ఇచ్చే పని మా మామకు వాళ్ల దగ్గర నుంచే వచ్చేది. లిఫాఫాల కట్ట ఇచ్చేటప్పుడు నా మంచు కార్డు ఒకటి గూడ సేఠ్ ముందట పెట్టిన. సేఠ్ అద్దాలు నుదుటి మీదికి నూకి, వేలితోని రాసి చూసిండు.

"రూయీ నహీ హై?"

"దూది కాదు సేఠ్‌సాబ్. రంగే."

సేఠ్ కార్డును వెలుతురు దిక్కు పట్టి, పక్క నుంచి గూడ చూసిండు. తర్వాత తన తెలుగుల చెప్పిండు. "నూరు కార్డులు చెయ్యి. డిసెంబర్ మొదటి సోమవారం, పొద్దుగాల, ఈ గల్లా మీద ఉండాలె. నచ్చినయా, గా కిటికీ కాడ బల్ల నీదే. ఏడాదంతా పెండ్లి కార్డులకు బొమ్మలు గియ్యి. లేకుంటే సికింద్రాబాద్ నుంచి ఒక స్క్రీన్ ప్రింటింగ్ ఆయన వస్తా అంటున్నడు. బల్ల ఆయనకు ఇస్త. సమ్‌ఝే?"

సమజైంది. మంచిగనే సమజైంది. పదకొండేండ్లు వేరేటోళ్లు రాసిన పుస్తకాలకు అట్టలు వేసినోనికి, తాను గీసిందే పని అయ్యే బల్ల ఒకటి కిటికీ వెలుతుర్ల కనబడితే ఎట్ల ఉంటది? రంగు ఉబ్బుడు కాదు, ముందు నేనే ఉబ్బిన.

మామకు చెప్పిన. ఆయన ఒక హాజరు పట్టీ కుడుతుండె. సూది ఆపలే.

"ఉబ్బే రంగేంది రా? మన పనే ఉబ్బినదాన్ని అణచుడు. నువ్వు ఉల్టా పని నేర్చినవు."

"నూరు కార్డులే మామా. మనింట్ల జాగ లేదు. ఈడ పెద్ద బల్ల మీద చేసుకుంట."

"మధ్యాహ్నం తిన్నంక చేసుకో. లై గిన్నెకు మాత్రం నీ మంచు అంటియ్యకు."

పట్టీ కుట్టుడు అయినంక, దారం పండ్లతోని తెంపుతూ అన్నడు. "కిటికీ పక్కన బల్ల అంటే దుమ్ము మస్తు వస్తది." నేను పోతే ఎట్ల అని అడగలే. పో అని గూడ అనలే. దుమ్ము సంగతే చెప్పిండు.

దినాం మధ్యాహ్నం తిన్నంక అదే పని. ప్లాస్టిక్ కాగితాన్ని గోరింటాకు కోన్ లెక్క చుట్టి, కొస కత్తిరించి, కప్పుల మీద, కొమ్మల మీద, గోడ మీద కూసున్న ఒక పిల్లి వీపు మీద గూడ మంచు పెట్టుకుంట పోయిన. ఒక రోజు పెడితే తెల్లారి ఆరేది, ఆరినవాటికి ఇంటి నుంచి తెచ్చిన ఇస్త్రీపెట్టెతోని సెగ పట్టాలె. వకీళ్ల గుమాస్తాలు వచ్చి నిలబడి చూసేటోళ్లు. ఒకాయన, "పుస్తకం ఆలస్యమైనా ఫర్వా లేదు, ఇది ఉబ్బేది చూసే పోత," అన్నడు. మామ వినబడనట్టు ఉన్నడు.

శనివారం సాయంత్రానికి నూరో కార్డు ఉబ్బింది. తెల్లారితే ఆదివారం, దుకాణం బంద్. సోమవారం పొద్దుగాల సేఠ్ గల్లా. బల్ల మీద నూరు ఇండ్లు, నూరు కప్పుల మీద లావుపాటి తెల్లటి మంచు. నాకు నేనే చానా నచ్చిన. ఆ సంతోషంలనే బల్ల సర్దుడు మొదలుపెట్టిన. సంతోషంగున్నప్పుడు మనిషి ఆలోచన చెయ్యడు, చేతులే పని చేస్తయి. నా చేతులు కార్డులను దొంతి చేసినయి. అంచులు సమానం అయ్యేటట్టు బల్ల మీద టకటక కొట్టినయి. పైన చెక్క, కింద చెక్క పెట్టినయి. ప్రెస్‌లకు తోసినయి. చక్రం తిప్పినయి.

మామ ఎదురుంగ స్టూలు మీద కూసొని సాసర్ల చాయ్ పోసుకొని తాగుతున్నడు. చక్రం దిక్కే చూస్తున్నడు.

"గట్టిగ తిప్పినవా?" దినాం అడిగే మాటే.

"తిప్పిన మామా."

"మంచిది," అన్నడు.

మంచు గురించి ఆయన అన్న మంచి మాట గదొక్కటే.

ఆదివారం నాడు నేను ఛత్రినాకల కటింగ్ చేయించుకున్న. కొత్త బల్ల కాడ కూసునేటోనికి మొఖం బాగుండాలె గద. చర్చి నుంచి వస్తూ టీచరమ్మ ఎదురుపడి, "కార్డులు ఏడ పెట్టినవు తమ్మీ?" అని అడిగింది. "భద్రంగ ప్రెస్‌ల ఉన్నయక్కా," అన్న. ఆమె, "మంచిగుండాలె," అనుకుంట పోయింది. ఆమె ప్రెస్ అంటే ప్రింటింగ్ దుకాణం అనుకుంది. నేనైతే ఏమీ అనుకోలే.

సోమవారం తాళం తీసి, చక్రం వదులు చేసి, చెక్క ఎత్తిన. పై కార్డు మీద పాలు ఒలికి ఎండిపోయినట్టు ఒక మరక ఉంది. దాని కింది కార్డు తీయబోతే రాలే. ఒకరి కప్పు మీది మంచు ఇంకొకరి వెనక అట్టకు అతుక్కొని ఊడివచ్చింది. పిల్లి వీపు మీద అప్పడం ముక్క మిగిలింది. నూరుకు నూరు. ఇస్త్రీపెట్టె రాజేసి, ఒకదానికి మళ్లా సెగ పట్టిన. ఆ రంగు ఒక్కసారే ఉబ్బుతది. రెండోసారి దానికి మనసు రాదు.

మామ వచ్చి, చెప్పులు విడిచి, నా భుజం మీదికెల్లి చూసిండు.

"మామా, నువ్వు చూసినవు గద. నేను ప్రెస్‌ల పెడుతుంటే ఎదురుంగ కూసొని చూసినవు. ఒక్క మాట అనద్దా?"

"నువ్వు ఆర్టిస్టువి. ఏదన్న కొత్త తరీకా అనుకున్న."

"మంచును ప్రెస్‌ల నొక్కుడు తరీకానా?"

"నాకేం ఎరుక బిడ్డా? నేనెప్పుడన్న మంచు చూసిన్నా?"

నేను పోవద్దన్నది ఆయన మనసుల ఉంది. గా ముక్క నోటితోని అంటే ఆగేటోన్నో ఏమో. ఆయన నోరు ఆ దినం చాయ్ తాగటానికే తెరిచిండు. అట్లని తప్పు ఆయన మీదికి నూకుడు గూడ కుదరదు. చక్రం తిప్పింది నేనే.

దొంతి పట్టుకొని సేఠ్ దగ్గరికి పోయిన. సేఠ్ ఒక కార్డు తీసి, తిప్పి చూసి, గల్లా మీద పెట్టిండు.

"క్యా హై యే? దీని మీదికెల్లి డబుల్ డెక్కర్ బస్ పోయిందా?"

"ఒక్క వారం ఇయ్యండి సేఠ్‌సాబ్."

"వచ్చే సోమ్‌వార్. బస్. గా తర్వాత సలాం." కిటికీ కాడి బల్ల దిక్కు చూడకుండనే బయటికి వచ్చిన.

వారం దొరికింది గని రంగు ఏది? డబ్బాల అడుగు కనబడుతుండె. టీచరమ్మ తన చర్చి కార్డులకని సగం రంగు ముందే ఒక పచ్చడి సీసాల తీసి పెట్టుకుంది. జరిగింది విని ముందు కడుపు పట్టుకొని నవ్వింది. నవ్వి, లోపలికి పోయి, సీసా తెచ్చి ఇచ్చింది.

"మరి నీ కార్డులక్కా?"

"మాకు దూది ఉంది గద. అయినా ప్రభువు పుట్టిన ఊర్ల మంచు పడ్డదో లేదో ఎవరికెరుక? నువ్వు తీసుకపో. ఆ ప్రెస్ దిక్కు మాత్రం పోకు."

పోలే. వారమంతా మధ్యాహ్నాలు ఆమె వరండాలనే చేసిన. ఉబ్బిన కార్డును ఉబ్బినట్టే, బట్టలు ఆరేసే తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీసిన. డిపో నుంచి వచ్చిన ఆమె భర్త వంగి వంగి నడిచేటోడు. సీసా గీకి గీకి పెడితే డెబ్బై కార్డులు అయినయి. పెద్ద మిఠాయి డబ్బాలల్ల వరుసకూ వరుసకూ నడుమ పుల్లలు పెట్టి, రిక్షాల ఒళ్లో పట్టుకొని, గుంత వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, ఛత్తా బజార్ చేరిన.

సేఠ్ లెక్కపెట్టిండు. "నూరన్న గద?"

"ముప్పై బస్ కింద పడ్డయి సేఠ్‌సాబ్."

సేఠ్ మొఖం మారలే గని, మీసం జరంత కదిలింది. లోపలికి చూసి, "గా బల్ల మీది లిఫాఫాలు తీసెయ్ రే," అని ఎవరికో కేక వేసిండు.

మామ రెండు దినాలు నాతోని మాట్లాడలే. మూడో దినం నుంచి అందరితోని మాట్లాడుడు మొదలుపెట్టిండు. అదే నాకు బాధైంది. దుకాణానికి వచ్చిన ప్రతి గుమాస్తాకూ, ప్రతి బడిపంతులుకూ మంచు కథ చెప్పిండు. ఆయన కథల ఆయన నాకు మూడుసార్లు చెప్పిండంట. "వద్దు రా అల్లుడా, నొక్కకు రా అంటే వింటెనా?" అని తల కొట్టుకునేటోడంట. ఆ ఏడంతా నా కొత్త బల్ల కాడికి పెండ్లి కార్డులకని వచ్చినోళ్లు, "మంచును ప్రెస్ చేసిన ఆర్టిస్టు నువ్వేనా భాయ్?" అని అడిగి, ఆ తర్వాతనే ముహూర్తం చెప్పేటోళ్లు. చక్రం తిప్పిన సంగతి ఎవరు నవ్వినా ఒప్పుకున్న. ఆ మూడుసార్లు చెప్పిన సంగతే మింగుడు పడలే.

మరుసటి డిసెంబర్‌కు బొంబాయి నుంచి రంగు నేనే తెప్పించిన. మొదటి డబ్బా తెరిచినప్పుడు ఒక పచ్చడి సీసా నింపి టీచరమ్మకు ఇచ్చి వచ్చిన. సేఠ్ ఈసారి ఇండ్లు, చెట్లు చాలన్నడు, క్రిస్మస్ తాత కావాలె అన్నడు. పాత కార్డుల మీది తాతలందరికీ ఒకటే మొఖం. నాకు కొత్త మొఖం కావాలె. వెతికే పని పడలే. కుడి చెవి మీద చెక్కిన పెన్సిల్ పెట్టిన. అద్దాలకు ఒక దిక్కు దండి ఊడిపోతే కట్టిన జిల్దు దారం గీసిన. ఎడమ దిక్కు జరంత పొట్టిగ ఉండే మీసం గీసిన. ఎర్ర కోటు గుండీల నడుమ బనియన్ కనబడేటట్టు గీసిన. గడ్డానికి మంచు రంగు ఒక్క పూత, టోపీ అంచుకు ఒక్క పూత పెట్టిన. కోటు కింద కడుపుకు మాత్రం రంగుల ఎరుపు కలిపి, ఒకటి ఆరినంక ఒకటి, మూడు పూతలు పెట్టిన. సెగ పట్టినప్పుడు ఆ కడుపు లేచిన తీరు చూసి సేఠ్ గల్లా విడిచి వచ్చిండు. ఆయనకు మా మామ ఇరవై ఏండ్ల నుంచి ఎరుక. "అరె, యే తో…" అన్నడు. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, "ఔర్ బనావో, ఇంకా చెయ్యి," అన్నడు.

పండుగలోపలనే అన్నీ అయిపోయినయి. నయాపూల్ దిక్కు వకీళ్లు మస్తు తీసుకపోయిండ్రు.

జనవరిల ఒక మధ్యాహ్నం మామ దుకాణానికి పోయిన. ఎవరో వకీలు సాబ్ కొత్త సంవత్సరానికని ఆయనకు ఆ కార్డు పంపిండంట. మామ దానికి చుట్టూ నల్ల అట్ట పట్టీ కట్టి, తాను కూసునే స్టూలుకు సరిగ్గ వెనక, తన తలకు జానెడు దూరంల, గోడకు మేకు కొట్టి పెట్టిండు. పుస్తకాలు తెచ్చినోళ్లకు ఇద్దరూ ఒక్కసారే కనబడ్తరు.

"మా అల్లుడు గీసిండు," అని ఒక గుమాస్తాకు చూపిస్తున్నడు. "కడుపు చూడుండ్రి, ముట్టుకుంటే బెండు లెక్క ఉంటది."

గుమాస్తా గోడ దిక్కు చూసిండు, మామ దిక్కు చూసిండు, మళ్లా గోడ దిక్కు చూసిండు. రుమాలు తీసి గట్టిగ దగ్గిండు.

"సర్ది పట్టిందా?" అని మామ అడిగిండు. తర్వాత నా దిక్కు తిరిగి, "ఎవర్ని చూసి గీసినవు రా గీ తాతను?" అన్నడు.

"ఎవర్నీ చూడలే మామా. గట్లనే చేతికి వచ్చింది."

ఆయన అద్దాల దారం సర్దుకొని, కార్డును మళ్లొకసారి పరీక్షగ చూసి, "మొఖంల కళ ఉన్నది," అన్నడు.